అనంతపురం ఎండల్లో అల్లికల క్లాసు నిలబడాలంటే

ప్రశ్న: నేను అనంతపురంలో హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ప్రతి శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆడవాళ్లకు అల్లికలు నేర్పుతున్నాను. ఫీజు లేదు. సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టినప్పుడు హాలు నిండా జనం. అందరూ స్వెట్టరే కావాలన్నారు, సరేనని స్వెట్టరే పట్టించాను. మూణ్ణెల్లు తిరిగేసరికి ఏడెనిమిది మంది మిగిలారు. వీపు భాగం అవ్వగానే ఒకరు, చేతుల దగ్గరికి రాగానే ఒకరు మానేశారు. మా అల్లుడేమో "ఈ ఎండలకు ఊలు ఎవురు ఏసుకుంటారత్తా, గమ్మున ఇంట్లో ఉండరాదా" అని నవ్వుతాడు. మిగిలినవాళ్లలో సగం మంది అల్లినవి అమ్ముదామంటారు, సగం మంది ఆసుపత్రికి ఇద్దామంటారు. ఇద్దరికి చదువు రాదు. యూట్యూబు చూసి వచ్చే అమ్మాయిల సూది నంబర్లు నా నంబర్లతో కలవవు. పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లాడు తనకూ నేర్పమని వస్తే అందరూ నవ్వారు, వాడు మళ్లీ రాలేదు. క్లాసు మూసేయడం నాకిష్టం లేదు. అందరం కలిసి చేసే పని ఏదైనా ఉంటే చెప్పండి.
– ఒక రిటైర్డ్ టీచర్, అనంతపురం

సమాధానం:

టీచరమ్మా, మీ అల్లుడు ఎగతాళికి అన్నా, అడిగింది మాత్రం అసలు ప్రశ్నే. ఎవురు ఏసుకుంటారు? హాలు నిండా కూర్చుని సూదులు పట్టినవాళ్లలో ఆ మాట ముందే అడిగినవాళ్లు లేరు. ఎవరి ఒంటికో, ఏ నెలకో తెలియకుండా మొదలైన స్వెట్టరు మెడ దాకా రావడం సిమ్లాలో అయినా కష్టమే. పైగా మీరు మొదలుపెట్టింది సంక్రాంతి తర్వాత. మన చలి అప్పటికి మూట సర్దుకుంటూ ఉంటుంది. కొత్త చేతులు స్వెట్టరు పూర్తి చేసేసరికి మామిడికాయలొస్తాయి. మానేసినవాళ్లను సోమరులని అనుకోకండి, వాళ్లకు లెక్క తెలిసింది, అంతే.

అలాగని ఊలు మన జిల్లాకు పరాయి వస్తువేం కాదు. గొర్రె ఉన్న చోట కంబళి ఉంటుంది. కురుబల ఇళ్లలో ఆడవాళ్లు ఉన్ని వడికితే మగవాళ్లు గుంటమగ్గం మీద నేసిన కంబళ్లు ఎన్ని తరాలుగా వానకూ చలికీ కాచాయో మీకు నేను చెప్పాలా. ఆ నేతలో దారం బిగియడానికి చింతగింజల గంజి పెడతారు. దక్కని గొర్రె ఉన్ని ముతక, కంబళికి దిట్టం, పసిబిడ్డ ఒంటికి పనికిరాదు. ఇక మన బజారులో ఊలు అని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం అక్రిలిక్, అంటే గొర్రెతో సంబంధం లేని ప్లాస్టిక్ జాతి దారం. చెమట పీల్చదు. మే నెలలో అది చేతిలో పట్టుకుని కూర్చుంటే ఎవరికైనా ఇంటికి పోబుద్ధి అవుతుంది. అందుకని మొదట మార్చాల్సింది దారం. నూలుకు రండి.

తర్వాత మార్చాల్సింది మొదటి వస్తువు. స్వెట్టరు పక్కన పెట్టి మసిగుడ్డ పట్టించండి. నవ్వకండి, చెబుతా వినండి. మసిగుడ్డ అక్కరలేని ఇల్లు లేదు. రెండు శనివారాల్లో అయిపోతుంది. వంకరగా వచ్చినా అన్నం గిన్నె దించడానికి అడ్డురాదు. అల్లినామె ఆ సాయంత్రమే దాన్ని వాడుతుంది, ఇంట్లోవాళ్లు చూస్తారు. మూణ్ణెల్ల స్వెట్టరు ఇవ్వలేని ఉత్సాహం అది ఇస్తుంది. ఒక్క షరతు: నూలుతోనే అల్లాలి, దళసరిగా, రెండు పొరలు కలిపి. అక్రిలిక్‌తో ఎంతమాత్రం వద్దు. పొయ్యి దగ్గర అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఈ ఒక్క మాట బోర్డు మీద రాసి పెట్టండి.

మసిగుడ్డను మూల నుంచి మూలకు అల్లించండి. మీకు తెలిసే ఉండొచ్చు, తెలియనివాళ్లు చదువుతారని రాస్తున్నాను. 4 మి.మీ. సూది మీద 4 కుట్లు ఎక్కించి ఒక వరస నిట్, అంటే దారం వెనక ఉంచి అల్లే మామూలు కుట్టు, అల్లాలి. ఆ తర్వాత ప్రతి వరసలోనూ మొదటి రెండు కుట్లు అల్లి, దారాన్ని సూది మీదుగా ఒకసారి తెచ్చి, మిగిలినవన్నీ నిట్ అల్లాలి. వరసకో కుట్టు పెరుగుతుంది, గుడ్డ త్రికోణంగా సాగుతుంది. పక్క అంచు 15 సెం.మీ. రాగానే తగ్గించడం మొదలు: ఒక కుట్టు అల్లి, రెండింటిని కలిపి ఒకటిగా అల్లి, దారం సూది మీదుగా తెచ్చి, మళ్లీ రెండింటిని కలిపి ఒకటిగా అల్లి, మిగిలినవి నిట్. మళ్లీ 4 కుట్లు మిగిలేదాకా ఇంతే. నిట్‌కు తిరగేసిన పర్ల్ కుట్టు అసలు రాదు. చదువు రాని ఆ ఇద్దరూ ఒక్క పూటలో పట్టేస్తారు, రాసుకునేదేమీ లేదు కదా.

ఈ పద్ధతి అందరూ కలిసి చేసే పనికి పునాది. ఎందుకో చూడండి. మామూలుగా 15 సెం.మీ. చదరానికి 33 కుట్లు ఎక్కించమంటాం, 10 సెం.మీ.కు 22 కుట్లు పడతాయన్న లెక్కతో. కానీ బిగించి అల్లే చెయ్యి 10 సెం.మీ.లో 25 కుట్లు కుక్కుతుంది, ఆమె చదరం 13 దగ్గర ఆగిపోతుంది. వదులు చెయ్యి 19 కుట్లే పెడుతుంది, ఆ చదరం 17 దాటుతుంది. అందరి చదరాలూ కలిపి దుప్పటి కుడదామని కూర్చున్న రోజున గొడవ అక్కడే మొదలవుతుంది: "నీది పెద్దదంటే నీది చిన్నది" అని. మూల నుంచి అల్లితే కుట్ల లెక్కతో పనే లేదు. అట్ట ముక్క 15 సెం.మీ. కొలతకు కత్తిరించి తలా ఒకటి ఇవ్వండి. అంచు అట్టతో సమానమయ్యేదాకా పెంచడం, ఆ తర్వాత తగ్గించడం. బిగుతు చెయ్యి నాలుగు వరసలు ఎక్కువ అల్లుతుంది, వదులు చెయ్యి తక్కువ అల్లుతుంది, చదరాలు మాత్రం కలుస్తాయి. అడ్డం 6, నిలువు 8, మొత్తం 48 చదరాలు చేరిస్తే 90 సెం.మీ. వెడల్పు, 120 సెం.మీ. పొడవున పిల్లల దుప్పటి తయారు. ఎనిమిది మంది తలా ఆరు అల్లితే చాలు.

గిన్నిస్ రికార్డుల మీద మోజు పడకండి. 2016లో చెన్నైలో మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్ అనే బృందం ముక్కలు కలిపి 11,148.5 చదరపు మీటర్ల క్రోషా, అంటే కొక్కెంతో అల్లిన, దుప్పటి పరిచి రికార్డు కొట్టింది. గొప్ప సంగతే. మీ కాలనీకి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. 48 చదరాల దుప్పటిని ఒక అంగన్‌వాడీలోనో, వృద్ధాశ్రమంలోనో ఒకరి మీద కప్పి రండి, మళ్లీ శనివారం హాలు ఎలా ఉంటుందో చూడండి.

నూలు ఎక్కడ దొరుకుతుందంటారా? దుకాణాల్లో నిట్టింగ్ కాటన్ ఉండలు దొరుకుతాయి, కాస్త ధర ఎక్కువ. పక్కన కర్నూలు వైపు నూలుకు కొదవ లేదు. ఆదోని పత్తి మార్కెట్టు, మాచాని సోమప్ప గారు నిలబెట్టిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఉన్న ప్రాంతం అది. నేతగాళ్లకు చిలపలుగా, అంటే కట్టలుగా, అమ్మే నూలు తెప్పించుకోవచ్చు. అయితే నేత నూలు మన అల్లికకు సన్నం. 10వ నంబరు నూలు అంటే పౌనుకు 840 గజాల చిలపలు పది తూగుతాయని అర్థం, కిలోకు దాదాపు 17 వేల మీటర్లు. 4 మి.మీ. సూదికి కిలోకు రెండున్నర వేల మీటర్ల దళసరి కావాలి. అంటే ఏడు పోగులు కలిపి ఉండ చుట్టుకోవాలి. 20వ నంబరు అయితే పద్నాలుగు, అంత చాకిరీ వద్దు. చుట్టే పని నలుగురు కూర్చుని కబుర్లాడుకుంటూ చేసేది. మీ క్లాసుకు అదే ఒక ఆకర్షణ అవుతుంది. అల్లే ముందు ఒక చిన్న ముక్క అల్లి ఉతికి కొలవమనండి, నూలు ముడుచుకుపోతుంది. ఇంకోటి: నూలు ఊలులా సాగదు, మణికట్లు నొప్పి పుడతాయి. అరగంటకోసారి సూదులు కింద పెట్టించండి. టీ తాగడానికి అదొక సాకు.

ధర్మవరం పక్కనే ఉంది కదా, పట్టు వాడొచ్చా అని అడుగుతారేమో. మసిగుడ్డకు వద్దు. ధర్మవరం సంగతి తర్వాత చెబుతా, దానికి వేరే చోటుంది.

సూది నంబర్ల తగవు సులువుగా తీరేది. మీరు నేర్చుకున్నది పాత బ్రిటిష్ నంబరు: అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8వ నంబరు 4 మి.మీ., 10వ నంబరు 3.25 మి.మీ. ఆ అమ్మాయిలు చూసే వీడియోలు ఎక్కువగా అమెరికావి. అక్కడ అంకె పెరిగితే సూది లావెక్కుతుంది, వాళ్ల 8 అంటే 5 మి.మీ. ఇద్దరూ 8 అనే అంటారు, ఇద్దరి గుడ్డలూ వేరే కొలతలో వస్తాయి. క్రోషాలోనూ ఇదే తంటా: అమెరికావాళ్లు సింగిల్ క్రోషే అనే కుట్టు బ్రిటిష్ పుస్తకాల్లో డబుల్ క్రోషే. ఇకనుంచి మీ హాల్లో నంబర్లు వద్దు, మిల్లీమీటర్లే చెప్పుకోండి. ఏ సూది మీదైనా అంకె అరిగిపోతే కొలిచి రంగు దారం కట్టేయండి. ఆ అమ్మాయిలను మాత్రం పోగొట్టుకోకండి. సెల్‌ఫోన్‌లో వీడియో ఆపి ఆపి చూపించే పని వాళ్లకే అప్పజెప్పండి. చత్వారం వచ్చిన మనకు వాళ్ల కళ్లు అవసరం. నల్ల దారం, ముదురు నీలం దారం సాయంత్రం వెలుతురులో పెద్దవాళ్లకు ఇవ్వకండి, కుట్టు కనపడక విసిగి లేచిపోతారు.

సగంలో ఆగిన స్వెట్టర్లు బీరువాల్లో దాచుకుని సిగ్గుపడుతున్నవాళ్లు ఉంటారు. కబురు చేసి ఒక శనివారం అవన్నీ తెప్పించండి. ఎవరినీ ఏమీ అనకుండా అందరూ కలిసి విప్పండి. విప్పిన దారాన్ని కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా ముడి వేసి తీసి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, కింద చిన్న బరువు వేలాడదీసి నీడన ఆరేస్తే వంకర్లు చాలావరకు పోతాయి. అక్రిలిక్ పూర్తిగా సాపు కాకపోయినా పనికొస్తుంది. విప్పడానికి వచ్చినవాళ్లలో కొందరు మళ్లీ కూర్చుండిపోతారు.

ఆ దారం దేనికంటే, టోపీలకు. ఇప్పుడు ఆసుపత్రి మాట. మీ అల్లుడికి చెప్పాల్సిన జవాబు ఇక్కడుంది: అనంతపురంలో మే నెలలో కూడా ఊలు టోపీ కావలసిన మనుషులు కొందరున్నారు, వాళ్ల బరువు రెండు కిలోలు దాటదు. నెలలు నిండకుండా, అంటే 37 వారాల లోపు పుట్టిన బిడ్డలకు చర్మం కింద కొవ్వు అంతగా ఉండదు. బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ కాబట్టి వేడి తొందరగా పోతుంది, అందులో తల వాటా పెద్దది. బయట 42 డిగ్రీలున్నా వాళ్లు ఉండేది ఏసీ వార్డులో. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన కంగారూ పద్ధతి ఇప్పుడు మన సర్కారు ఆసుపత్రుల్లోనూ ఉంది. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనించి కట్టేస్తారు. అప్పుడు బిడ్డ మీద ఉండేది లంగోటీ, మేజోళ్లు, టోపీ. అంతే.

కానీ సంచి నిండా టోపీలు అల్లుకుని పోయి కౌంటరు మీద పెట్టి ఫొటో దిగి రావడం సేవ కాదు. ముందు మీరొక్కరే పోయి నవజాత శిశువుల వార్డు సిస్టరును కలవండి. మీకు టోపీలు కావాలా, ఏ కొలత తక్కువగా ఉంది, నూలా ఊలా, మీరెలా ఉతుకుతారు అని అడగండి. వద్దంటే వద్దు, ఆమె మాటే చెల్లాలి. కావాలంటే కొలతలు రాసుకోండి. నిండు నెలల బిడ్డ తల చుట్టుకొలత 33 నుంచి 36 సెం.మీ., 32 వారాల బిడ్డది 29–30, 28 వారాల బిడ్డది 26 దగ్గర. టోపీ అంతకు మూడు నాలుగు సెం.మీ. తక్కువ ఉంటే సాగి పట్టుకుంటుంది. ఒక నిట్, ఒక పర్ల్ చొప్పున రిబ్ అల్లండి, బాగా సాగేది అదే. గుత్తులు, గుండీలు, రిబ్బన్లు, పూసలు ఏవీ వద్దు. లోపలి వైపు దారం కొస ఒక్కటి వేలాడినా బిడ్డ వేలికి చుట్టుకుంటుంది. వాసన లేని సబ్బుతో ఉతికి, ఆరబెట్టి, కొలత రాసిన చీటీతో ఒక్కోటి విడిగా ప్యాక్ చేయండి. తల్లికి కూడా ఒక మాట చెప్పించండి: బిడ్డ కోలుకుని ఇంటికొచ్చాక ఎండాకాలంలో టోపీతో పడుకోబెట్టకూడదు, ఎప్పుడు తీసేయాలో డాక్టరే చెబుతారు.

ఇంకో ముచ్చట. డెన్మార్క్‌లో 2013లో ఇంక్యుబేటర్ బిడ్డల పక్కన క్రోషా ఆక్టోపస్ బొమ్మలు పెట్టడం మొదలై లోకమంతా పాకింది. ఆ అమ్మాయిలు వీడియో చూసి తప్పకుండా అడుగుతారు. బొమ్మ లోపలి దూది, వేలాడే కాళ్లు, ఇన్ఫెక్షను, అన్నీ తంటాలే. వార్డు అడగనిదే ఆ జోలికి పోవద్దు.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకు జాకెట్టు లోపల పెట్టుకోవడానికి నూలుతో అల్లిన మెత్తటి రొమ్ములు ఇచ్చేవాళ్లు ముంబైలో ఉన్నారు. సిలికాన్‌ది బరువు, ఖరీదు, మన ఎండకు చెమట. ఇది తేలిక. మీ గుంపు చేయి తిరిగాక, సర్జన్‌తో మాట్లాడి చేయదగ్గ పని. ఇప్పుడే కాదు, కొలతలో తేడా వస్తే ఆమె మనసు నొచ్చుకుంటుంది.

అమ్మకం సంగతికి వస్తాను. దానం, అమ్మకం ఒకే సంచిలో వేయకండి. శనివారం దారం అందరిదీ, అల్లినది ఇచ్చేయడానికే. డబ్బు కావాల్సినవాళ్లకు వేరే రోజు పెట్టండి, వాళ్ల దారం వాళ్లదే, వచ్చింది వాళ్లదే. డబ్బు కోరడంలో తప్పేముంది? ఇంటి ఖర్చుకు నాలుగు రాళ్లు కావాలనుకునే మనిషిని సేవ పేరుతో సిగ్గుపడేలా చేయకండి.

కానీ లెక్క వేయడం నేర్పండి, మీరు టీచరు కదా. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. రోజుకు ఎనిమిది గంటలనుకుంటే, పన్నెండు గంటలు పట్టిన వస్తువుకు ఆ లెక్కనే 460 రూపాయలు కూలి, దారం వేరే. లూధియానా మిషన్ స్వెట్టరుతో మీరు ఎన్నడూ పోటీ పడలేరు. పోటీ లేనిది క్రోషా. దాన్ని అచ్చంగా అల్లే యంత్రం ఫ్యాక్టరీల్లోకి రాలేదు, కొక్కెం పట్టిన చెయ్యే కావాలి. అయినా చేతిపని కాబట్టి కూలి దక్కుతుందని నమ్మడానికి లేదు. గోదావరి వైపు నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, విదేశాలకు పోతుంది. తరతరాలుగా ఇంట్లో కూర్చుని అల్లిన ఆడవాళ్లకు మాత్రం ఏజెంటు తెచ్చిన దారం, ఏజెంటు చెప్పిన రేటు. మధ్యవాడు ఎవరని మొదటి రోజే అడగండి.

మీ చుట్టుపక్కల క్రోషాకు నిజంగా గిరాకీ ఉన్నది చీర కుచ్చులకు. ఇక్కడికొచ్చింది ధర్మవరం. పట్టుచీర కొన్న ప్రతి ఆమె కొంగుకు కుచ్చులు వేయించుకుంటుంది, అందులో క్రోషాతో పూసలు కలిపి వేసిన వాటికి రేటు ఎక్కువ. చీర వెడల్పు 115–120 సెం.మీ. ఉంటుంది. రెండేసి సెం.మీ.కు గుర్తు పెట్టుకుంటే అరవై దాకా కుచ్చులు. ఒక మిల్లీమీటరు దరిదాపు స్టీలు కొక్కెం కావాలి, లావు కొక్కేలు పనికిరావు. కొంగు అంచు ముందు మడిచి కుట్టించాకే మొదలుపెట్టాలి, లేకపోతే పోగులు జారతాయి. రంగు ట్యూబులైటు కింద కాదు, పగటి వెలుతురులో చూసి కలపాలి. పాత జాకెట్టు గుడ్డ మీద పది సార్లు చేయి తిరిగాకే ఇతరుల చీర ముట్టాలి. వేల రూపాయల చీర మీద నూనె చెయ్యి పడితే మీరు సంపాదించింది అంతా దానికే పోతుంది. చీర తీసుకున్నప్పుడే ఉన్న మరకలు, చిరుగులు నోటుబుక్కులో రాసి ఆమె చేత సంతకం పెట్టించండి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం పెళ్లిళ్ల నెలల్లో ఈ పని తెగ వస్తుంది. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, కుచ్చులూ ఉండవు. టోపీల పని అప్పుడు పెట్టుకుంటే చలి మొదలయ్యేసరికి సిద్ధంగా ఉంటాయి.

చదువు రానివాళ్ల కోసం ఒక ప్రాజెక్టు ఉంది, నాకైతే అన్నిటికన్నా ఇదే ఇష్టం. గళ్ల క్రోషా తెలుసు కదా, నిండిన గడి, ఖాళీ గడి, ఆ రెండింటితోనే బొమ్మ. దాని నమూనాలో అక్షరం ఉండదు, గళ్ల కాగితం చాలు. చుక్కలు లెక్కపెట్టి పదిహేను వరసల ముగ్గు తప్పు లేకుండా వేసే మనిషికి ఆ నమూనా చదవడం నేర్పనక్కర్లేదు, ఆమే మీకు నేర్పుతుంది. మీ క్లాసువాళ్లు ధనుర్మాసంలో వేసిన ముగ్గులు గళ్ల కాగితం మీదికి ఎక్కించండి, ఉగాదికి గుమ్మం తోరణం అల్లండి. హిందూపురం దగ్గర లేపాక్షికి ఒకరోజు బస్సు మాట్లాడుకుని పోండి. లతామంటపం స్తంభాల మీది లతలు, పువ్వులు చీర అంచుల్లోకి ఎప్పుడో ఎక్కాయి, మీ కొక్కెం మీదికి ఎక్కడానికి అడ్డేముంది? ఒక్కొక్కరు ఒక్క స్తంభం ముందు కూర్చుని తమకు నచ్చిన బొమ్మ గళ్లలో గీసుకు రావాలి. చదువుకున్న అమ్మాయిలు ఫొటో తీసి సరిపెట్టుకుంటామంటారు. ఒప్పుకోకండి. చేత్తో గీసినప్పుడే ఏ గీత వదిలేయాలో తెలుస్తుంది, గళ్లలో ఇమిడేది కొంచెమే కదా. అల్లిన ముక్కలన్నీ చేరిస్తే హాలు కిటికీకి తెర అవుతుంది, కాలనీ మీటింగుకు వచ్చే మగవాళ్లు కూడా దాన్ని చూస్తారు.

డబ్బు లేకుండా చేసే పని కావాలంటే పాత నూలు చీరలు తెప్పించండి. మన ఇళ్లలో బొంత కుట్టే అలవాటు పోలేదు, ఇది దాని చెల్లెలు. చీరను నిలువునా రెండు సెం.మీ. పేలికలుగా చింపితే సుమారు మూడు వందల మీటర్ల దారం వస్తుంది. 10 మి.మీ. కొక్కెంతో అల్లితే కాళ్లపట్టా. సింథటిక్ చీరలు జారుతాయి, నున్నటి గచ్చు మీద ముసలివాళ్లు పడతారు, కింద రబ్బరు వల తప్పనిసరి.

వేళ మార్చండి. ఏప్రిల్, మే నెలల్లో మూడింటికి ఎవరు గడప దాటుతారు? పొద్దున ఏడుకో, సాయంత్రం ఐదున్నరకో పెట్టండి. పొద్దున అయితే కూలికి పోయేవాళ్లు రాలేరు, మీ దగ్గర ఎవరున్నారో చూసుకుని తేల్చుకోండి.

ఇక ఆ పిల్లాడు. వాణ్ని వెనక్కు పిలవాల్సింది మీరే, వాళ్ల అమ్మతో మాట్లాడి. నవ్వినవాళ్లను అడగండి, ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేది ఎవరని, కంబళి నేసేది ఎవరని. పెరూ దేశంలో తకిలే అనే దీవి ఉంది, అక్కడ అల్లే పని మగవాళ్లది, మగపిల్లలు చిన్నప్పుడే టోపీలు అల్లడం నేర్చుకుంటారు. ఆ దీవి అల్లికలనూ నేతనూ యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చుకుంది. అయితే ఈ ఉపన్యాసం వాడి ముందు ఇవ్వకండి, పాపం ఇంకా ముడుచుకుపోతాడు. మొదటి రోజు వాడికి మసిగుడ్డ వద్దు. లావు కొక్కెం, పాత టీషర్టు చింపిన పేలిక ఇచ్చి, నీళ్ల సీసా పట్టే సంచి అల్లించండి. గుండ్రంగా తిరుగుతూ పోయే పని కాబట్టి పిల్లలకు విసుగు రాదు, సోమవారం బడికి భుజాన వేసుకుపోతాడు. ఇంకో పిల్లాడు "యాడ కొన్నావురా?" అంటే మీకు ఇంకో కొక్కెం కావాల్సి వస్తుంది. ముందే రెండు మూడు ఎక్కువ కొనిపెట్టుకోండి.